బరువు తగ్గించే ఆపరేషన్: నమ్మదగిన సమాచారం, తోడు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న – ఖమ్మం లెక్కల టీచరు

అందరికీ నమస్కారం. నా వయసు 41 సంవత్సరాలు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఏడేళ్లుగా మధుమేహం ఉంది. రెండు రకాల మాత్రలు వాడుతున్నా మూడు నెలల చక్కెర సగటు (హెచ్‌బీఏ1సీ) ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోతోంది. నిద్రలో ఊపిరి ఆగే సమస్య తీవ్రంగా ఉందని నిద్ర పరీక్షలో తేలింది. మోకాళ్ల నొప్పులకు వారంలో మూడు నాలుగు రోజులు నొప్పి మాత్ర వేసుకోక తప్పడం లేదు. నడక, చిరుధాన్యాలు, రాత్రిపూట అన్నం మానడం, డబ్బు కట్టి చేరిన డైట్ ప్రోగ్రాములు అన్నీ అయ్యాయి. ప్రతిసారీ పది పన్నెండు కిలోలు తగ్గడం, ఏడాది తిరిగేసరికి తగ్గినదంతా మళ్లీ వచ్చి చేరడం మామూలైపోయింది.

నాకు చికిత్స చేస్తున్న మధుమేహ వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఆలోచించమని చెప్పారు. తికమక అక్కడే మొదలైంది. విజయవాడలో ఒక ఆసుపత్రికి వెళితే పది నిమిషాలు మాట్లాడి స్లీవ్ (జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా చేసే ఆపరేషన్) చేస్తామన్నారు. హైదరాబాదులో మరొకచోట, మధుమేహం ఉంది కాబట్టి బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) అయితేనే మంచిదన్నారు. ఇంకొకచోట వైద్యుణ్ణి చూడకముందే ఒక కౌన్సెలర్ కూర్చోబెట్టి, నెలాఖరులోగా అడ్వాన్సు కడితే నలభై వేలు తగ్గుతుందని, మిగిలినది వాయిదాల్లో కట్టుకోవచ్చని చెప్పారు. తెలుగులో వీడియోలు చూద్దామంటే ప్రతి వీడియో చివరా ఏదో ఒక ఆసుపత్రి ఫోన్ నంబరే కనిపిస్తోంది. ఆపరేషన్‌కు ముందు, ఆరు నెలల తర్వాత తీసిన ఫొటోలు కోకొల్లలుగా ఉన్నాయి గాని, అయిదేళ్ల తర్వాత ఎలా ఉన్నారో చెప్పేవారు ఒక్కరూ కనిపించలేదు.

ఇంట్లో పరిస్థితి వేరు. మావారు వద్దనరు, సరే అని కూడా అనరు. మా అత్తగారు మాత్రం, నోరు కట్టుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడం ఎందుకని పట్టుబడుతున్నారు. సమాచారం కోసం ఎవరిని నమ్మాలి, ఆపరేషన్ చేయించుకున్నవారితో నిజాయతీగా మాట్లాడే అవకాశం ఎలా దొరుకుతుంది, ఇంట్లోవారికి ఎలా వివరించాలి అనేవి నా సందేహాలు. మావారి కంపెనీ గ్రూప్ పాలసీలో నా పేరు ఉంది. అది పనికొస్తుందో లేదో కూడా తెలియడం లేదు. నాకు రోజూ ఛాతీలో మంట, పులి త్రేన్పులు ఉంటాయి. హిమోగ్లోబిన్ పదికి లోపే ఉంటోంది. ఇవి సంబంధం లేని విషయాలైతే క్షమించండి.

జవాబు – అనంతపురం పాఠకుడు

ఇప్పుడు వారానికి ఒకసారి తీసుకునే ఇంజెక్షన్లు వచ్చాయి కదా. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో విడుదలయ్యాయి. ఇంత సులువైన మార్గం ఉండగా ఆపరేషన్ దాకా వెళ్లడం అవసరమా అన్నది నా అనుమానం. ముందు వాటిని ఆరు నెలలు వాడి చూడవచ్చు గదా.

జవాబు – విశాఖ తీరం

టీచరు గారూ, నాకు బైపాస్ జరిగి ఆరో సంవత్సరం నడుస్తోంది. మీరు వెతుకుతున్న ఆ అయిదేళ్ల తర్వాతి మనుషులలో నేనొకదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా బృందాల గురించి చెప్పాలి. ఆపరేషన్ చేయించుకున్నవారి వాట్సాప్ బృందాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఆసుపత్రివారు నడిపేవి ఎక్కువ. ఆసుపత్రి నడిపినంత మాత్రాన చెడ్డదని నేను అనను. నేను ఇప్పటికీ ఉన్న బృందం అలాంటిదే. అందులో ఒక డైటీషియన్ వారానికి ఒకరోజు కూర్చుని ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెబుతారు. అంతకుముందు నేను చేరిన మరో బృందంలో మాత్రం, ఒకావిడ తనకు వాంతులు ఆగడం లేదని రాసిన సందేశం గంటలోపే మాయమైంది. ఆ తర్వాత ఆవిడ కూడా బృందంలో కనిపించలేదు. నడిపేది ఆసుపత్రి మార్కెటింగ్ విభాగంలో పని చేసే వ్యక్తి అని తర్వాత తెలిసింది. అందువల్ల బృందంలో చేరగానే మీరు ఏమీ అడగకుండా రెండు మూడు వారాలు పాత సందేశాలు చదవండి. జుట్టు రాలిందని, బరువు మళ్లీ పెరిగిందని, రెండోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని ఎవరైనా రాశారా, రాస్తే దానికి ఎలాంటి సమాధానం వచ్చిందీ అన్నది చూస్తే ఆ బృందం సంగతి మీకే తెలిసిపోతుంది. అందరూ ఆనందంగా ఉన్న బృందంలో మీకు కష్టం వచ్చిన రోజున మాట్లాడటానికి ఎవరూ ఉండరు.

ఆసుపత్రివారు మాట్లాడమని ఇచ్చే పాత రోగుల నంబర్లు కూడా పనికిరానివేమీ కావు, అయితే ఎవరి నంబరు కావాలో మీరే చెప్పండి. ఆపరేషన్ జరిగి నాలుగేళ్లు దాటిన, మీ వయసుకు దగ్గరగా ఉన్న, మధుమేహం ఉన్న మహిళ నంబరు అడగండి. ఆరు నెలల వారితో మాట్లాడితే ఉత్సాహం తప్ప మరేమీ వినపడదు, ఎందుకంటే ఆ సమయంలో బరువు దానంతటదే తగ్గుతూ ఉంటుంది. నేనైతే మొదటి ఏడాది ఇంట్లో అందరికీ ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. మూడో ఏడాది దాటాక ఆకలి కొంత తిరిగి వచ్చింది, తగ్గినదానిలో ఆరేడు కిలోలు మళ్లీ చేరాయి. మధుమేహం మాత్రలు ఈనాటికీ లేవు గాని, నడక మానితే చక్కెర పెరుగుతోంది.

తిండి విషయంలో మన ఇళ్లకు సంబంధించిన ఇబ్బందులు ఇంగ్లీషు పుస్తకాలలో ఉండవు. మొదటి రోజుల్లో పలుచని మజ్జిగ, పెసరకట్టు, వడకట్టిన చారు, ప్రోటీన్ పొడి కలిపిన పాలు, ఆ తర్వాత మెత్తగా చిదిమినవి, ఆపైన మామూలు భోజనం అనే వరుస అన్నిచోట్లా ఉంటుంది. మామూలు భోజనానికి వచ్చాకే అసలు కథ మొదలవుతుంది. రోజుకు అరవై గ్రాముల మాంసకృత్తులు తినాలంటారు, మన భోజనంలో మొదటి నాలుగు ముద్దలూ అన్నంతోనే నిండిపోతాయి. అందుకని గుడ్డు, చేప, పనీరు, గట్టి పప్పు ముందు తిని, కడుపులో చోటు మిగిలితేనే అన్నం ముట్టుకుంటాను. తింటూ మంచినీళ్లు తాగకూడదు. టిఫిన్ అయిన వెంటనే కాఫీ తాగే అలవాటు ఉంటే ఐరన్ మాత్ర వేసుకునే వేళ మార్చుకోవాలి, ఎందుకంటే కాఫీ, టీలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలని మా డైటీషియన్ ఫ్రిజ్ మీద కాగితం అంటించుకునేలా చేశారు.

ఒకసారి సింహాచలంలో చక్కెర పొంగలి ప్రసాదం కాదనలేక రెండు చెంచాలు తిన్నాను. పావుగంటలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరిగి మెట్ల మీదే కూర్చుండిపోయాను. దీన్ని డంపింగ్ అంటారని, బైపాస్ అయినవారిలో తీపి ఒక్కసారిగా పేగులోకి జారడం వల్ల వస్తుందని నాకు ముందే చెప్పి ఉండటంతో కంగారు పడలేదు. పక్కనున్న మా చెల్లెలు మాత్రం గుండెపోటేమోనని ఏడ్చేసింది. తెలిసి ఉండవలసింది రోగికి మాత్రమే కాదని చెప్పడానికే ఇది రాశాను. ఆపరేషన్‌కు ముందు డైటీషియన్‌తో మాట్లాడే రోజున మీవారినీ, వీలైతే మీ అత్తగారినీ వెంట తీసుకువెళ్లండి. వంటగది ఆవిడ చేతిలో ఉన్నట్లయితే ఇది మరీ ముఖ్యం. నోరు కట్టుకోమనే మాటకు మీరు ఎన్ని జవాబులు చెప్పినా వాదనే అవుతుంది. అదే మాట వైద్యుని ఎదుట ఆవిడ నోటితో అడగనిస్తే సగం పట్టుదల అక్కడే సడలుతుంది.

బంధువుల సంగతి ఒకటుంది. నలుగురిలోకి వెళితే, ఇంతగా చిక్కిపోయావేమిటి, ఏమైనా జబ్బా అని అడుగుతారు. పెళ్లిళ్లలో కొసరి కొసరి వడ్డించేవారికి మనం ఆకులో వదిలేసింది అవమానంలా కనిపిస్తుంది. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో ముందే భార్యాభర్తలు అనుకుని ఉంటే మంచిది.

జవాబు – మధుమేహ వైద్యుడు, వరంగల్

నేను శస్త్రచికిత్స నిపుణుణ్ణి కాను, మధుమేహ రోగులను చూసే వైద్యుణ్ణి మాత్రమే. ఇక్కడ రాస్తున్నది మీకు చికిత్స చేస్తున్న వైద్యుల సలహాకు బదులు కాదు.

ప్రశ్న చివర క్షమాపణతో రాసిన రెండు వాక్యాలే అన్నిటికన్నా ముఖ్యమైనవి. రోజూ ఛాతీలో మంట, హిమోగ్లోబిన్ పదికి లోపు, వీటికి తోడు పైన చెప్పిన నొప్పి మాత్రలు: ఈ మూడింటినీ అడగకుండా స్లీవ్ అనో బైపాస్ అనో తేల్చిన చోట మీరు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. కారణం చెబుతాను. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. ఆ గొట్టంలో ఒత్తిడి పెరగడంతో, ముందే ఛాతీలో మంట ఉన్నవారిలో అది ఎక్కువయ్యే అవకాశం ఉంటుంది. ఫిన్లాండ్‌లో 240 మందిని స్లీవ్, బైపాస్‌లకు చీటీ పద్ధతిలో కేటాయించి పదేళ్లపాటు గమనించిన అధ్యయనంలో, అన్నవాహిక ఒరుసుకుపోయి పుండైన లక్షణాలు ఎండోస్కోపీలో స్లీవ్ వారిలో నూటికి 31 మందికి, బైపాస్ వారిలో ఏడుగురికి కనిపించాయి. అలాగని మీకు బైపాసే మేలని తేల్చేయకూడదు. బైపాస్‌లో చిన్న సంచిలా మిగిల్చిన జీర్ణాశయాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడేవారికి, పొగ తాగేవారికి ఆ అతుకు దగ్గర పుండ్లు పడతాయి. పైగా ఐరన్ ప్రధానంగా ఇంకే చిన్నపేగు మొదటి భాగాన్ని ఆహారం తాకదు కాబట్టి రక్తహీనత ముదిరే అవకాశం ఉంది. కాబట్టి మీ విషయంలో ముందు ఎండోస్కోపీ, రక్తహీనతకు కారణం తెలుసుకునే పరీక్షలు, నెలసరి ఎక్కువగా అవుతుంటే స్త్రీ వైద్యనిపుణుల సలహా, మోకాళ్లకు నొప్పి మాత్రలు లేకుండా నెట్టుకొచ్చే దారి, ఇవన్నీ తేలాకే ఏ ఆపరేషన్ అన్న చర్చ రావాలి. మీకు రెండుచోట్ల రెండు మాటలు చెప్పినందుకు నేను ఆశ్చర్యపోను. నిపుణుల మధ్య నిజంగానే అభిప్రాయభేదం ఉంటుంది. కారణం చెప్పకుండా మాట చెప్పడమే అభ్యంతరకరం.

అనంతపురం మిత్రుని మాటకు నా జవాబు ఇది. ఆ ఇంజెక్షన్లు మంచి మందులే. ప్రయోగాలలో సెమాగ్లూటైడ్‌తో సగటున శరీర బరువులో నూటికి 15 వంతులు, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో సుమారు 20 వంతులు తగ్గాయి. ఆపరేషన్‌తో సాధారణంగా 25 నుంచి 30 వంతులు తగ్గుతుంది. మందు ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు సెమాగ్లూటైడ్ ప్రయోగాలలోనే తేలింది. అంటే దాదాపు జీవితాంతం కొనుక్కోవలసిన మందు అది. కొందరికి అదే సరైనది, కొందరికి ఆపరేషన్‌కు ముందో తర్వాతో తోడుగా వాడవలసి వస్తుంది. టీచరు గారు తమ వైద్యునితో ఈ మాట కూడా తప్పక మాట్లాడాలి.

ఎవరికి ఆపరేషన్ అవసరమన్న ప్రమాణాల గురించి చాలామంది ఇంకా 1991 నాటి అమెరికా సిఫారసులనే చెబుతుంటారు. 2022లో అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య అయిన ఇఫ్సో కలిసి వాటిని సవరించాయి. ఇప్పుడు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే సూచిక) 35 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఇతర జబ్బులు లేకపోయినా సిఫారసు చేస్తున్నారు. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కాబట్టి మనకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నారు. మీ బీఎంఐ 42 దగ్గర ఉంది, ఏ లెక్కన చూసినా మీకు అర్హత ఉంది. అర్హత ఉన్నంత మాత్రాన తొందర ఉన్నట్లు కాదు.

చదవడానికి నమ్మదగినవి కావాలంటే, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ వెబ్‌సైట్, ఇఫ్సో, మన దేశపు బేరియాట్రిక్ సర్జన్ల సంఘమైన ఓఎస్ఎస్ఐ (OSSI) వెబ్‌సైట్లు ఉన్నాయి. తెలుగులో ఇంత నికరమైనవి నేను చూడలేదు, కనుక ఇంగ్లీషులోనే చదవమని చెప్పక తప్పదు. ఫోనులో యంత్రానువాదం వాడితే భావం అందుతుంది గాని, మందుల మోతాదులను, కొలతలను మాత్రం మూలంలో చూసుకోవాలి. ఏ వ్యాసం చదివినా నాకు ఒకటే కొలమానం: అది లాభాన్ని ఏ కాలానికి చెబుతోంది, నష్టాన్ని ఏ కాలానికి చెబుతోంది అని చూస్తాను. ఉదాహరణకు స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం ఉంది. ఆపరేషన్ చేయించుకున్నవారు, అంతే స్థూలకాయం ఉండి చేయించుకోనివారికంటే సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారని 2020లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. ఆసుపత్రి కరపత్రాలలో ఇంతవరకే ఉంటుంది. అదే పత్రంలో, వారు సాధారణ జనాభాకంటే అయిదున్నరేళ్లు తక్కువగా బతికారని కూడా ఉంది. రెండూ చెప్పేవారి దగ్గరే కూర్చోండి.

ప్రమాదం సంగతి దాచకుండా చెప్పాలంటే, అనుభవమున్న కేంద్రాలలో నెలలోపు ప్రాణం పోయే ప్రమాదం సుమారు వెయ్యికి ఒకరి స్థాయిలో ఉంటుంది. కుట్ల దగ్గర లీకు నూటికి ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. సర్జన్‌ను అడగవలసింది లీకు వస్తుందా అని కాదు. అర్ధరాత్రి లీకు వస్తే ఈ భవనంలోనే ఐసీయూ, సీటీ స్కాన్, ఎండోస్కోపీ చేసేవారు ఉన్నారా, నిద్రలో ఊపిరి ఆగే నా సమస్య మత్తు వైద్యునికి తెలుసా, నెలలోపు మళ్లీ చేర్చుకోవలసి వస్తే ఖర్చు ఎవరిది, అయిదో సంవత్సరంలో నా రక్తపరీక్షలు ఎవరు చూస్తారు అని అడగండి. ఆయన స్వయంగా ఎన్ని ఆపరేషన్లను రెండోసారి సరిచేయవలసి వచ్చిందో కూడా మొహమాటం లేకుండా అడగవచ్చు. విసుక్కుంటే ఆ విసుగు కూడా ఒక సమాచారమే. ఆయన రిజిస్ట్రేషన్‌ను జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని వైద్యుల జాబితాలో సరిచూసుకోవచ్చు.

నెలాఖరు తగ్గింపు చెప్పిన చోటుకు మళ్లీ వెళ్లకండి. రోగులను ప్రకటనలతో ఆకర్షించడాన్ని 2002 నాటి వైద్యుల నియమావళి అనుమతించదు. ఊబకాయాన్ని నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా ఉదయం పత్రిక తెరిస్తే కనిపించేది ఏమిటో మీకు తెలుసు.

జవాబు – పాలసీ కాగితాలు

నేను ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే పనిలో ఉన్నాను. విడి పాలసీలలో స్థూలకాయ చికిత్స గురించి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ఒకే రకమైన షరతు ఉంటుంది. వైద్యుని సలహా ఉండాలి, వైద్య ప్రమాణాలకు అనుగుణంగా ఉండాలి, వయసు 18 నిండాలి. వాటికి తోడు బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదా 35 గాని అంతకంటే ఎక్కువ గాని ఉండి, ఇతర పద్ధతులు ఫలించక, గుండె కండర జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్ర సమస్య, అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం, వీటిలో ఒకటి ఉండాలి. వైద్యులు చెప్పిన 27.5 ఇక్కడ చెల్లదు. గ్రూప్ పాలసీ షరతులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మీవారు తమ హెచ్ఆర్ విభాగం నుంచి పూర్తి పాలసీ పత్రం తెప్పించుకోవాలి. ఒక పేజీ సారాంశం సరిపోదు.

టీచరు గారు లెక్కలు చెబుతారు కాబట్టి ఒక లెక్క ఇస్తాను. 157 సెంటీమీటర్ల ఎత్తుకు బీఎంఐ 40 అంటే సుమారు 98.6 కిలోలు. ఆపరేషన్‌కు ముందు కాలేయం కుదించుకోవడానికి రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు. దానికి ముందే మీరు స్వయంగా కాస్త తగ్గితే, ఆసుపత్రిలో చేరేనాటికి 98 కిలోలు తూగి 40 కిందికి జారవచ్చు. అప్పుడు మీ క్లెయిము రెండో షరతు మీద నిలబడాలి. నిద్ర పరీక్ష నివేదికలో తీవ్రత అనే మాట స్పష్టంగా ఉండటం, మధుమేహం అదుపులో లేదని మీ వైద్యులు తేదీలతో రాసిన లేఖ, డైట్ ప్రోగ్రాముల రసీదులు, ఆ కాలపు బరువు నమోదులు, ఇవన్నీ ఇప్పుడే ఒకచోట చేర్చండి. నగదురహిత చికిత్సకు ముందస్తు అనుమతి రాతపూర్వకంగా వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. బీమా కంపెనీవారు నిరాకరిస్తే ముందు వారికే ఫిర్యాదు రాయాలి. ముప్పై రోజులు గడిచినా తేలకపోతే హైదరాబాదులోని బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు.

జవాబు – న్యూజెర్సీ నుంచి

నా భార్యకు సెలవుల్లో ఇండియాలో స్లీవ్ చేయించి, మూడో వారంలో ఇక్కడికి తిరిగి వచ్చాం. ఇక్కడికి చేరిన తర్వాత వాంతులు మొదలై నీళ్లు కూడా నిలవలేదు. ఎమర్జెన్సీలో మొదట అడిగింది ఆపరేషన్ నోట్స్ ఏవని. మా దగ్గర ఉన్నది బిల్లు, ఒక డిశ్చార్జి కాగితం మాత్రమే. అందులో ఆపరేషన్ పేరు తప్ప వివరాలేవీ లేవు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే రెండు రోజుల దాకా పలకలేదు. ఇక్కడి వైద్యులు ముందు జాగ్రత్తగా థయామిన్ అనే బీ1 విటమిన్ ఎక్కించారు. వాంతులు అలాగే కొనసాగితే అది అడుగంటి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంటుందని చెప్పారు. దేశం మారకపోయినా, ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్లి చేయించుకునేవారికీ ఇది వర్తిస్తుంది. ఆపరేషన్ నోట్స్ పూర్తి ప్రతిని ఆసుపత్రి వదిలేముందే చేతికి తీసుకోండి. రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోతే ఫోన్ కోసం ఎదురుచూడకుండా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లోవారందరికీ చెప్పి ఉంచండి.

ప్రశ్నకర్త – ఖమ్మం లెక్కల టీచరు

అందరికీ కృతజ్ఞతలు. నెలాఖరు తగ్గింపు వారికి రావడం లేదని చెప్పేశాను. ఎండోస్కోపీకి తేదీ తీసుకున్నాను. మా అత్తగారు డైటీషియన్ దగ్గరకు వస్తానన్నారు, అడగవలసిన ప్రశ్నలు కూడా తయారు చేసుకుంటున్నారు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. ఖమ్మంలో ఉంటూ తర్వాతి పరీక్షలన్నీ హైదరాబాదులోనే చేయించుకోవాలా? తిండి తగ్గించవలసి వచ్చినప్పుడల్లా నాకు విపరీతమైన దిగులు, ఆ దిగులులోనే అర్ధరాత్రి తినడం అలవాటుగా ఉంది. ఈ మాట సర్జన్‌తో చెబితే ఆపరేషన్‌కు పనికిరానంటారేమోనని భయంగా ఉంది.

జవాబు – విశాఖ తీరం

రక్తపరీక్షలు మీ ఊళ్లోనే చేయించి నివేదికలు పంపవచ్చు. నేను అదే చేస్తాను. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా ఒకసారి హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, డీ విటమిన్, కాల్షియం చూపించుకోవాలి. ఏ పరీక్షలు, ఎప్పుడు అన్న పట్టికను డిశ్చార్జి రోజునే రాయించుకోండి. ఊళ్లో మీ మధుమేహ వైద్యుని చేతికి దాని ప్రతి ఒకటి ఇవ్వండి.

జవాబు – మధుమేహ వైద్యుడు, వరంగల్

రాత్రి తినే అలవాటు గురించి తప్పక చెప్పండి. అది అనర్హత కాదు, ముందే చికిత్స చేయవలసిన విషయం. ఆపరేషన్ ఆకలిని తగ్గిస్తుంది గాని, దిగులును తగ్గించదు. మంచి కేంద్రాలలో మానసిక నిపుణులు బృందంలోనే ఉంటారు. లేకపోతే మీరే ఒకరిని ముందుగా కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనే, ఏ వేళనైనా దొరుకుతుంది.

జవాబు – పాలసీ కాగితాలు

ఒక చిన్న చేర్పు. మానసిక నిపుణుని లేఖ, డైటీషియన్ లేఖ కూడా క్లెయిము ఫైలులో పెట్టండి, అవి బలమే గాని బలహీనత కావు. ప్రతి లేఖ మీదా తేదీ, ఆ రోజు తూచిన బరువు, సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని తీసుకోండి.